అడగడం వేరు... అడుక్కోవడం వేరు!

శ్రీరామనవమి దగ్గర పడుతోందంటే చాలు, పందిరి చందా పుస్తకం పట్టుకుని కుర్రాళ్ళు గుమ్మంలోకి వచ్చేస్తారు. వినాయక చవితికీ అంతే. "ఇంతేనా ఆంటీ!" అని వాళ్ళు సణిగినా, మన శక్తికొద్దీ వందో, రెండొందలో ఇచ్చి పుస్తకంలో పేరు రాయిస్తాం. పెళ్ళికి వెళితే చదివింపులు చదివిస్తాం. మా అమ్మమ్మ గారి ఊళ్ళో అయితే తిరునాళ్ళకి ఊరంతా చందాలేసుకుని నాటకం ఆడించేవారు. వీటిలో దేన్నీ మనం అడుక్కోవడం అనం. అనాలని కూడా మనకి తోచదు.

మరి ఒక కుర్రాడు, "నేనో సినిమా తీస్తాను, తలా కాస్త చందా ఇవ్వండి" అని అడిగితే?

చెప్పొద్దూ, ఈ ప్రశ్న మా యింట్లో నెల రోజులు నలిగింది. మా పెద్దాడు డిగ్రీ అయ్యాక విజయవాడలోనే ఒక ప్రైవేటు ఆఫీసులో చేరాడు. సాయంత్రం అయ్యేసరికి స్నేహితులతో కలిసి ఫోన్లో నవ్వించే వీడియోలు తీస్తూ ఉంటాడు. వాటిని చూసేవాళ్ళు కొన్ని వేలమంది ఉన్నారట. ఇప్పుడు వాడికి నలభై నిమిషాల హాస్యచిత్రం తీయాలని పుట్టింది. ఒక అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ మోటారు స్విచ్ ఎవరు వేయాలన్న తగాదా మీద కథ. కథ విని నేను కడుపుబ్బ నవ్వాను. ఖర్చు మాత్రం లక్షన్నర! ఆ డబ్బు వీడియోలు చూసేవాళ్ళనీ, స్నేహితుల్నీ, చుట్టాల్నీ అడుగుతానన్నాడు.

మా వారు భోంచేస్తున్న కంచం ముందు నుంచి లేచిపోయినంత పని చేశారు. "తండ్రి బతికుండగానే ఊరి మీద పడి అడుక్కుంటావా? రేపు చుట్టాల్లో నన్ను తలెత్తుకోనిస్తావా?" అన్నారు. వాడు మొహం మాడ్చుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. తండ్రీ కొడుకుల మధ్య రెండు వారాలు మాటల్లేవు. మధ్యలో నేను! ఆయనకి కాఫీ ఇస్తూ వాడి మాట, వాడికి టిఫిన్ పెడుతూ ఆయన మాట... ఇది ఎలాంటి అవస్థో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు.

ఒక ఆదివారం మా వాడు నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఇలా చందాలతో తీసిన సినిమా ఒకటి చూపిస్తాను, చూశాక నువ్వే చెప్పు" అన్నాడు. ఆ సినిమా పేరు 'యాంగ్రీ వీడియో గేమ్ నెర్డ్: ద మూవీ'. నెర్డ్ అంటే లోకం పట్టకుండా తనకిష్టమైన దాంట్లోనే తల దూర్చి కూర్చునేవాడని అర్థమట. అంటే 'కోపిష్టి వీడియో గేముల పిచ్చోడు' అనుకోండి.

ఆ సినిమా తీసినాయన పేరు జేమ్స్ రోల్ఫ్. అమెరికాలో న్యూజెర్సీలో 1980లో పుట్టాడు. అంటే సుమారు నా ఈడువాడే. చిన్నప్పటినుంచీ ఇంట్లోని వీడియో కెమెరాతో సినిమాలు తీయడం ఆయన పిచ్చి. ఫిలడెల్ఫియాలో కళల విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. 2004లో సరదాకి ఒక వీడియో చేశాడు. తెల్లచొక్కా, జేబులో పెన్నులు, కళ్ళజోడు పెట్టుకుని, పాత వీడియో గేము ఒకటి ఆడుతూ దాన్ని నానా తిట్లూ తిట్టడం. అంతే! 2006 నుంచి అలాంటివి ఇంటర్నెట్లో అందరూ చూసేలా పెట్టడంతో ఆ కోపిష్టి పాత్రకి లక్షల్లో అభిమానులు తయారయ్యారు.

ఒక పాత గేమును తిడితే ఇంతమంది ఎందుకు చూస్తారు అని నేనూ అడిగాను. దానికి మా వాడు చెప్పింది నాకు బాగా నచ్చింది. మీకు గుర్తుందా, మన చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేములు ఉండేవి? మా తమ్ముడు ఇంటి దగ్గర చెప్పకుండా వీధి చివర షాపుకి పోయి, గంటకింత అని ఇచ్చి మారియో ఆడి వచ్చేవాడు. ఆ క్యాసెట్లు అమెరికాలో కూడా తక్కువ ధరేం కాదు. పండక్కి అమ్మానాన్నల్ని బతిమాలి బతిమాలి ఒకటి కొనిపించుకున్నాక, ఇంటికొచ్చి పెడితే అది చెత్తగా ఉంటే? ఏడుపొస్తుంది కదా! అట్ట మీద బొమ్మ చూసి మోసపోయిన ఆ పిల్లలే పెద్దవాళ్ళయ్యారు. తమ తరఫున ఒకడు నోరు చేసుకుంటుంటే వాళ్ళకి కడుపు నిండింది. మనం కొన్న మిక్సీ మూడోనాడే ఆగిపోతే, పక్కింటావిడ వచ్చి మన తరఫున షాపువాణ్ణి దులిపేస్తే మనకెంత హాయిగా ఉంటుందో అలాగన్నమాట!

ఇక సినిమా సంగతి. రోల్ఫ్‌కి వీడియోలు పేరు తెచ్చినా, అసలు కోరిక మాత్రం పెద్ద సినిమా తీయడం. ఏ నిర్మాతనో నమ్ముకుంటే, డబ్బు పెట్టినవాడు కథ మార్చమనకుండా ఉంటాడా? అందుకని 2011లో తిన్నగా అభిమానుల్నే అడిగాడు. అక్కడ ఇండీగోగో అని 2008లో మొదలైన ఇంటర్నెట్ సంస్థ ఉంది. ఏదైనా పని తలపెట్టినవాళ్ళు తమకి ఎంత కావాలో, ఎందుకు కావాలో అందులో రాస్తారు. నచ్చినవాళ్ళు తోచినంత ఇస్తారు. సంస్థ కొంత కమీషన్ తీసుకుని మిగతాది అందిస్తుంది. ఇది అప్పు కాదు, తిరిగి ఇవ్వక్కర్లేదు. వాటా కాదు, లాభంలో భాగం రాదు. ఇచ్చినదాన్ని బట్టి ఏదో చిన్న బహుమతి దక్కుతుంది, అంతే.

రోల్ఫ్ అడిగింది 75 వేల డాలర్లు. వచ్చింది 3 లక్షల డాలర్లకు పైనే! ఆనాటి లెక్కన మన డబ్బులో కోటిన్నర దాకా. హాలీవుడ్ సినిమాలకి అది టీ ఖర్చుల కిందికి కూడా రాదేమో గానీ, ఒక మామూలు మనిషిని నమ్మి మామూలు మనుషులు ఇచ్చిన డబ్బు అది.

మా వాడు లాప్‌టాప్‌లో సినిమా పెట్టి, అర్థం కానిచోట ఆపి చెబుతూ వచ్చాడు. తిట్లు వచ్చినచోట మాత్రం చటుక్కున సౌండు తగ్గించేసేవాడు! సగం సినిమా నేను మూకీగానే చూశాను. చిన్నపిల్లలతో కూర్చుని చూసే సినిమా కాదని ముందే చెబుతున్నాను.

కథ గమ్మత్తుగా ఉంటుంది. ప్రపంచంలో ఉన్న చెత్త గేములన్నిటినీ తిట్టే ఈ కోపిష్టికి ఒకే ఒక్క గేము పేరెత్తితే మాత్రం వణుకు. చిన్నప్పుడు దాంతో అంత బాధ పడ్డాడు. అభిమానులేమో "దాన్ని తిట్టవేం? దాని మీద వీడియో చెయ్యి" అని వెంటపడతారు. ఇంతలో ఒక కంపెనీ ఆ గేముకి కావాలనే చెత్తగా రెండో భాగం తీయాలనుకుంటుంది. ఇతను తిడితే జనం ఎగబడి కొంటారని వాళ్ళ ఆశ! వేగలేక, ఆ గేము క్యాసెట్లు ఎడారిలో పాతిపెట్టారన్న మాట వట్టి పుకారని తేల్చేయడానికి ఇతను బయల్దేరతాడు. వెనకాల మిలటరీ, గ్రహాంతరవాసులు, పెద్ద రాక్షసుడు... ఒకటే గోల. బొమ్మ ఊళ్ళూ, బొమ్మ కార్లూ తయారుచేసి వాటిని విరగ్గొట్టి తీశారు. అట్ట ముక్క అట్ట ముక్కలాగే కనిపిస్తుంది. అదే వాళ్ళ సరదా.

ఇందులో నిజం కూడా ఉందండోయ్. 1982లో స్పీల్‌బర్గ్ 'ఇ.టి.' అనే సినిమా తీశాడు. అది విరగబడి ఆడింది. అప్పట్లో వీడియో గేముల్లో పెద్ద కంపెనీ అటారి. వాళ్ళు ఆ సినిమా పేరుతో గేము అమ్ముకునే హక్కుల కోసం 2 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చారని చెబుతారు. బేరం తెగేసరికి జూలై నెలాఖరు. క్రిస్మస్‌కి సరుకు దుకాణాల్లో ఉండాలంటే సెప్టెంబర్ 1కి గేము పూర్తి కావాలి. మామూలుగా నెలల తరబడి పట్టే పనిని హోవార్డ్ స్కాట్ వార్షా అనే ఆయన 5 వారాల్లో చేసిచ్చాడు. అరగంటలో వందమందికి వంట అంటే ఏం చేస్తాం? ఉడికీ ఉడకని అన్నమే కదా! ఆ గేములో ఆడేవాడు అడుగడుక్కీ గోతుల్లో పడిపోతూనే ఉంటాడట. క్రిస్మస్‌కి కొన్నవాళ్ళు కొన్నారు గానీ, లక్షల క్యాసెట్లు మిగిలిపోయాయి. ఆ ఒక్క గేము వల్లనే కాదు గానీ, 1983లో అటారికి 50 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో అటారి వాళ్ళు ఎల్ పాసో గోదాము నుంచి సరుకుని లారీల మీద తీసుకెళ్ళి న్యూమెక్సికో రాష్ట్రంలో అలమగోర్డో అనే ఊరి చెత్తకుప్పలో పాతిపెట్టి పైన కాంక్రీటు పోశారు. ఏళ్ళు గడిచేకొద్దీ చాలామంది ఇదంతా కట్టుకథ అనుకున్నారు. చివరికి 2014 ఏప్రిల్ 26న జనం చూస్తుండగా తవ్వితే నిజంగానే బయటపడ్డాయి! సుమారు 7 లక్షల క్యాసెట్లు పాతారని అప్పటి అటారి అధికారి చెప్పగా, తవ్వి తీసినవి 1,300 దాకా. వాటిలో ఇ.టి.తో పాటు వేరే గేములు కూడా ఉన్నాయి. రోల్ఫ్ తన సినిమా షూటింగు మొదలుపెట్టింది 2012లో. సినిమాలో గేము పేరును కాస్త మార్చి పెట్టుకున్నాడు. అది తెర మీదికి వచ్చేలోగానే అసలువి మట్టిలోంచి పైకొచ్చాయి!

ఇంకో విశేషం చెప్పాలి. ఆ 5 వారాల గేము తయారుచేసిన వార్షా గారు ఈ సినిమాలో తన పాత్రలో తానే కనిపిస్తారు. ఏళ్ళ తరబడి 'ప్రపంచంలోకెల్లా చెత్త గేము చేసినవాడు' అనిపించుకున్న మనిషి, ఆ మాట మీదే తీసిన హాస్యచిత్రంలో నవ్వుతూ నిలబడ్డారంటే ఎంత పెద్ద మనసు! ఆ తర్వాతి జీవితంలో ఆయన మానసిక వైద్య సలహాదారుగా పనిచేశారు. మాట పడ్డవాడికే కదా, ఎదుటివాడి బాధ తెలిసేది.

2014 జూలై 21న హాలీవుడ్‌లోని ఈజిప్షియన్ థియేటర్లో సినిమా మొదటి ఆట పడింది. తర్వాత ఇంటర్నెట్లో అమ్మారు. అందరికీ నచ్చిందా అంటే లేదు. దాదాపు రెండు గంటలు సాగదీశాడన్నారు, చిన్న వీడియోలే బాగున్నాయన్నారు. బాగా నవ్వుకున్నవాళ్ళూ ఉన్నారు. నాకైతే మధ్యలో కాస్త నిద్ర వచ్చిన మాట నిజం.

కానీ ఆ రాత్రి గిన్నెలు సర్దుకుంటుంటే ఒక సంగతి నా మనసులో మెదిలింది. కోట్లు పోసిన కంపెనీ ఆ గేముకి 5 వారాలకంటే గడువు ఇవ్వలేకపోయింది. కొద్దిపాటి డాలర్లు ఇచ్చిన మామూలు అభిమానులు ఆ సినిమా కోసం 3 ఏళ్ళు ఆగారు! పెద్ద డబ్బుకి తొందరెక్కువ. వడ్డీ లెక్క కడుతుంది. చిన్న డబ్బుకి ఓర్పెక్కువ, ఎందుకంటే దాని వెనక ఇష్టం ఉంటుంది.

మన దేశంలోనూ ఇలాంటిది ఎప్పుడో జరిగింది. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన 'మంథన్' సినిమాకి గుజరాత్ పాడి రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చారు. తమ డబ్బుతో తీసిన సినిమా అని లారీలెక్కి వచ్చి చూశారట. అంతమందీ రెండేసి రూపాయల నిర్మాతలే. స్మితా పాటిల్ అందులో ఎంత బాగా చేసిందో! ఆ సినిమానే బాగుచేసి 2024లో కాన్స్ చిత్రోత్సవంలో చూపించారు. మన తెలుగులో కూడా 2018లో వచ్చిన 'మను' ఇలా పదిమంది దగ్గరా పోగుచేసిన డబ్బుతో తీసిందే.

మర్నాడు మా వారికి కాఫీ ఇస్తూ మెల్లగా అన్నాను. "ఏమండీ, అడుక్కునేవాడికి ఇచ్చాక మనం ఏమన్నా అడుగుతామా? లెక్క చెప్పమంటామా? చెప్పం. చందా తీసుకున్నవాడైతే లెక్క చెప్పాలి, పందిరి వేసి చూపించాలి. వీడు లెక్క చెబుతానంటే అది అడుక్కోవడం ఎలా అవుతుంది?"

ఆయన పేపరు దించలేదు. మా అత్తగారే వరండాలోంచి, "చందా పుచ్చుకున్నవాడు ఊరికి బాకీరా అబ్బాయీ, ఆ బాకీ తీర్చగలడా లేదా అది చూడు" అన్నారు. ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు.

నాకు తోచింది ఇది. రోల్ఫ్ చెయ్యి చాపకముందే అయిదేళ్ళపాటు జనాన్ని నవ్వించాడు. చూసేవాళ్ళ దగ్గర టిక్కెట్టు డబ్బులు తీసుకోలేదు. ముందు పెట్టాడు, తర్వాతే అడిగాడు. అడిగేటప్పుడు ఫలానా పనికి ఇంత అని చెప్పాడు. నాలుగింతలు వచ్చినా ఆ డబ్బుతో మాయమైపోలేదు. షూటింగు ఎంతవరకు వచ్చిందో మధ్యమధ్య చూపిస్తూ, ఆలస్యమైనా సినిమా పూర్తిచేసి చేతిలో పెట్టాడు. నచ్చలేదన్నారా? అది వేరే సంగతి. నేను వంట చేస్తానని సరుకులు తీసుకుంటే వంట చేసి వడ్డించాలి. ఉప్పు తగ్గిందంటే పడాలి. అసలు పొయ్యే వెలిగించకపోతే అది మోసం.

ఇచ్చేవాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి. ఇచ్చింది పోయినా ఇంట్లో పొయ్యి ఆగనంత మాత్రమే ఇవ్వాలి. ఇచ్చాం కదా అని 'హీరోయిన్‌గా మా అమ్మాయిని పెట్టు' అనకూడదు. అలాగే ఫోనులో వచ్చిన ప్రతి అభ్యర్థనకీ కరిగిపోకూడదు. జబ్బు ఫోటోలు పెట్టి డబ్బు దండుకునేవాళ్ళూ ఉన్నారు. అడిగినవాడు ఎవరు, ఇంతకుముందు ఏం చేశాడు, లెక్క ఎవరికి చెబుతాడు... ఈ మూడూ తెలియకుండా రూపాయి పంపొద్దు.

ఆ వారంలోనే మా వాణ్ణి కూర్చోబెట్టి మూడు షరతులు పెట్టాను. ఒకటి, నీ జీతంలోంచి ముందు నువ్వు ముప్పై వేలు వేసుకో. నీకు లేని నమ్మకం ఊరికెందుకుంటుంది? రెండు, పది రూపాయలు ఇచ్చినా పేరు రాయాలి, టీ ఖర్చు కూడా రాయాలి, నెలనెలా ఆ లెక్క ఇచ్చినవాళ్ళందరికీ పంపాలి. మూడు, అనుకున్నంత డబ్బు రాకపోతే వచ్చినంతలో కుదించి తియ్యి, లేదా ఎవరిది వాళ్ళకి తిరిగిచ్చెయ్యి. మధ్యలో వదిలేసే మాట మాత్రం ఉండకూడదు.

వాడు సరేనన్నాక నా చీటీ డబ్బులోంచి పదివేలు తీసి ఇచ్చాను. అది నా గాజులు మార్పించుకోవడానికి దాచుకున్నది. గాజులు ఇంకో ఏడాది ఆగుతాయి. బజారుకెళ్ళి రెండొందల పేజీల బైండు పుస్తకం కూడా నేనే తెచ్చాను. మొదటి పేజీలో వాడి ముప్పై వేలు, రెండో వరసలో నా పేరు. మా ఆడపడుచు వెయ్యిన్నూట పదహార్లు పంపింది. వీడియోలు చూసే ఎవరో కాకినాడ కుర్రాడు యాభై రూపాయలు పంపి, "అన్నా, ఇంతే ఉంది, సినిమా మాత్రం ఆపొద్దు" అని రాశాడు. ఆ యాభై రూపాయలు చూసిన రోజు మా వాడు రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. బాధ్యత అంటే ఏమిటో నేను చెబితే ఎక్కనిది, ఆ యాభై రూపాయలు ఎక్కించాయి.

ఇప్పటికి సగం పైన జమ అయింది. మా వారు ఇంకా పైసా ఇవ్వలేదు. "చూద్దాం" అంటున్నారు. కానీ ప్రతి ఆదివారం పొద్దున్నే ఆ బైండు పుస్తకం తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని కూడికలు సరిచూస్తున్నారు. పోయిన వారం పన్నెండు రూపాయలు తేడా వచ్చిందని తండ్రీ కొడుకులు గంటసేపు కూర్చుని వెతికారు. రెండు వారాలు మాటల్లేని ఇంట్లో గంటసేపు మాటలు! చివరికి అవి జెరాక్సు డబ్బులని తేలింది.

సినిమా బాగా వస్తుందో లేదో నాకు తెలీదు. తీసి తీరతాడని మాత్రం నమ్మకం కుదిరింది. మీ ఇంట్లో పిల్లలు కూడా ఏ నాటకానికో, పుస్తకానికో, చిన్న వ్యాపారానికో పదిమందిని అడుగుతామంటే, పరువు పోతుందని వెంటనే నోరు నొక్కేయకండి. ముందు ఒక లెక్కల పుస్తకం కొని చేతిలో పెట్టండి. దాన్ని సరిగ్గా రాసేవాడికి నలుగుర్నీ అడిగే అర్హత ఉంటుంది. ఏమంటారు?